నవ్వు ఎవరి మీద?

పాత నాటకాలు ఎట్ల ఆడాలె, కొత్తయి ఎట్ల రాయాలె

(ఇటీవల ఒక జిల్లా కేంద్రంల విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న పది రోజుల నాటక శిబిరం ముగింపు నాడు ఒక పాత్రికేయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం.)



నేను నటుణ్ణి కాను. నాటక పండితుణ్ణి అసలే కాను. వార్తలు రాసుకొని బతికెటోణ్ణి. ఉద్యమం నడిచిన రోజులల్ల ధర్నాలల్ల కూసున్న, రాస్తారోకోలల్ల దెబ్బలు తిన్న, వంటావార్పుల గంటె తిప్పిన. నాటకం గురించి మాట్లాడుమని పిలిస్తె మొదలు వద్దన్న. కని నిన్న మధ్యాహ్నం ఇక్కడికి వచ్చినప్పుడు ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగిండు. ఆ ప్రశ్న రాత్రంత నిద్ర పట్టనియ్యలె. అందుకె ఒప్పుకున్న.

ఆ తమ్ముడు ఏమడిగిండంటె: "అన్నా, 2014ల మన రాష్ట్రం మనకు వచ్చింది. మన భాష సినిమాలకు ఎక్కింది. ఇంకా ఈ పాత కోస్తా నాటకాలు మనమెందుకు ఆడాలె? కన్యాశుల్కం విజయనగరపోళ్లది. ప్రతాపరుద్రీయం నెల్లూరు పంతులుది. మనకేం పని?"

అడగవలసిన ప్రశ్ననె. దీనికి ఒక్క మాటల జవాబు చెప్పొచ్చు గని, అది ఉపన్యాసం జవాబు అయితది. నా జవాబుల నా తప్పు గూడ ఒకటి ఉన్నది. అందుకె జర దూరంకెల్లి వస్త, ఓపిక పట్టుండ్రి.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీల నాటిక పోటీలు పెట్టిన్రు. నేను పేరిచ్చిన. నాటిక నేర్పేటాయన అందరితోని తలా రెండు లైన్లు చదివించిండు. నా వంతు వచ్చింది. రెండు లైన్లు చదవంగనె ఆయన నవ్వి, "నీకు వాచ్‌మన్ పాత్ర సరిగ్గ సరిపోతది" అన్నడు. అందుల కోపం లేదు, ఎక్కిరింపు లేదు. మెచ్చుకుంటున్న అనుకున్నడు ఆయన. హీరో లెక్చరరు, ఆయన పుస్తకం భాష మాట్లాడుతడు. వాచ్‌మన్ మా ఊరి భాష మాట్లాడుతడు. పోటీ నాడు నేను స్టేజీ మీదికి పోయి "ఏంది సారూ" అన్ననో లేదో, హాలంత గొల్లుమన్నది. అండ్ల నవ్వవలసింది ఏమున్నది? ఏమి లేదు. మా నాయిన రోజు మాట్లాడే మాట అది. మా అవ్వ నన్ను అన్నానికి పిలిచే మాట అది. నాకు ఆ రోజు ఉత్తమ హాస్యనటుడని ఒక కప్పు ఇచ్చిన్రు. ఆ కప్పు ఇంటికి తీస్కపోయి మా నాయినకు చూపించిన. "ఏం వేషం ఏసినవు బిడ్డా?" అని అడిగిండు. నేను ఏం చెప్పాల్నో నాకు తోచలె.

ఇప్పుడు 1897 దిక్కు పోదాం. ఆ ఒక్క సంవత్సరంల రెండు పెద్ద నాటకాలు అచ్చయినయి. ఒకటి నెల్లూరుకు చెందిన వేదం వేంకటరాయ శాస్త్రి రాసిన ప్రతాపరుద్రీయం. రెండోది విజయనగరంల గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం. తెలుగు నాటకానికి ఆ ఏడాది రెండు తొవ్వలు పడ్డయి. మనం ఇయ్యాల ఏ తొవ్వల నిలబడ్డమో తెలవాలంటె ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలె.

ప్రతాపరుద్రీయం కథ ఎవరిది? మన ఓరుగల్లుది. కాకతీయ రాజు ప్రతాపరుద్రున్ని ఢిల్లీ సుల్తాను పట్టుకుపోతె, మంత్రి యుగంధరుడు పిచ్చోని వేషమేసుకొని ఢిల్లీకి పోతడు. రాజును విడిపించుకొని, ఉల్ట సుల్తానునే పట్టుకొస్తడు. మీకు చరిత్ర ఎరుకే. 1323ల ఓరుగల్లు కోట పడింది. పట్టువడ్డ ప్రతాపరుద్రుడు ఢిల్లీ దాక పోలె, నర్మద ఒడ్డున ప్రాణం ఇడిచిండని విలస శాసనం చెప్తది. అంటె చరిత్రల ఓడిపోయినదాన్ని శాస్త్రిగారు రంగస్థలం మీద గెలిపించిండు. అది తప్పని నేననను. బయట గుంజుకున్నదాన్ని స్టేజీ మీద తిరిగి గెలుచుకునుడు నాటకం చేసే పనులల్ల ఒకటి. ఉద్యమంల మనం కూడ అదే చేసినం.

నేను చెప్పదల్చుకున్నది భాష గురించి. ఆ నాటకంల రాజు, మంత్రి, పండితుడు గ్రాంథికం మాట్లాడుతరు. చాకలి పేరిగాడు వాడుక భాష మాట్లాడుతడు. దీన్ని శాస్త్రిగారు పాత్రోచిత భాష అన్నడు. పాత్రకు ఏది తగినదో ఆ భాష. ఇది ఆయన పుట్టించిన పద్ధతి కాదు, సంస్కృత నాటకాలల్ల నుంచి తెచ్చుకున్నది. శాకుంతలంల దుష్యంతుడు సంస్కృతం మాట్లాడుతడు. శకుంతల ప్రాకృతం మాట్లాడుతది. ఆరో అంకంల చేప కడుపుల ఉంగరం దొరికిన జాలరి, అతన్ని పట్టుకొని కొట్టే భటులు, అందరిది ప్రాకృతమే. ఒకటే నాటకంల మొగోనికి ఒక భాష, ఆడిదానికి ఒక భాష. దొరకు ఒకటి, కూలోనికి ఒకటి. నోరు తెరవంగనె ఎవడు ఎక్కడ కూసోవాల్నో తెలిసిపోతది.

శాస్త్రిగారికి మనం అన్యాయం చెయ్యొద్దు. ఆ కాలంల పేరిగానికి ఆ మాత్రం మాట ఇచ్చినందుకె పండితులు ఆయన మీద పడ్డరు. నాటకంల గ్రామ్యమా, అపచారం అన్నరు. ఆయన ఎదురు నిలబడి గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము అని రాసి తన పద్ధతిని సమర్థించుకున్నడు. మూసి ఉన్న దర్వాజ సగం తెరిచిండు ఆయన. పేరిగాడు లోపటికి వచ్చిండు. కని వచ్చినోడు కింద కూసోవాలె. రాజు పక్కన రాజు లెక్క మాట్లాడే హక్కు వానికి రాలె. ఓరుగల్లు కథ అయితె అయింది గని, ఓరుగల్లు సాకలి మాట మీద రాజు భాష బరువు అట్లనె ఉన్నది.

మా కాలేజీ నాటిక యాదికి తెచ్చుకోండ్రి. లెక్చరరుకు పుస్తకం భాష, వాచ్‌మన్‌కు మా భాష. వందేండ్లు దాటినంక గూడ అదే పాత్రోచితం. తరువాత సినిమా అదే పట్టుకున్నది. రౌడీకి, తాగుబోతుకు, ఇంట్ల పనోనికి మన యాస. ఉద్యమ కాలంల ఈ మాట మనం ఎన్ని సభలల్ల మాట్లాడలె?

ఇగ కన్యాశుల్కం. ఇది అచ్చయింది 1897 జనవరిల గని, ఆడింది అంతకన్న ముందు, 1892ల, విజయనగరంల. అంటె ముందు జనం చూసిన్రు, తరువాత పుస్తకమయింది. మనం ఇప్పుడు చదివే ఏడంకాల నాటకం 1909ల వచ్చింది. గురజాడ పాతదాన్ని తిరిగి పట్టుకొని, పెంచి, దాదాపు కొత్త నాటకం చేసిండు. పన్నెండేండ్లకు తన రాతను తానె కాదనుకొని మళ్ల రాసుకున్న మనిషి ఆయన. పొద్దున రాసి పొద్దుమీకి అచ్చేసుకునే నాసొంటోళ్లు ఈ ముచ్చట మతిల పెట్టుకోవాలె.

ఆ నాటకం ఎక్కడికెల్లి పుట్టిందో తెలుసా? ఒక పట్టికలకెల్లి పుట్టింది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, ఆడపిల్లలను పైసలు తీస్కొని పెండ్లి చేసే ఆచారం మీద లెక్క తీయించిండు. మూడేండ్లల్ల జరిగిన పెండ్లిళ్లు 1034 తేలినయి. అండ్ల అయిదేండ్ల పిల్లలు ఉన్నరు, నాలుగేండ్లోళ్లు, మూడేండ్లోళ్లు ఉన్నరు. ఏడాది నిండిన పసిగుడ్లు గూడ ఉన్నరు. ఈ లెక్క గురజాడ తన పీఠికల రాసిండు. కడుపుల ఉన్న బిడ్డకు సైతం బేరాలైతయని రాసిండు. ఆ సంగతి చదివినంక గిరీశం జోకులు మీకు ఎన్నడు మునుపటి లెక్క వినిపించయి.

కన్యాశుల్కం అంటె మనకు గిరీశమే యాదికొస్తడు. సినిమాల ఎన్‌టీఆర్, నాటకంల జేవీ రమణమూర్తి గొప్పగ వేసిన పాత్ర. రమణమూర్తి, ఆయన అన్న జేవీ సోమయాజులు కలిసి ఆ నాటకాన్ని వందల సార్లు ఆడి బతికించిన్రు, వాళ్లకు దండం పెట్టాలె. కని కాలేజీలల్ల మనం ఏం చేసినం? గిరీశం, వెంకటేశం ఉన్న ఒక్క ముక్క కోసుకొని పది నిమిషాల హాస్యం చేసినం. బుచ్చమ్మ ఏమైంది? అగ్నిహోత్రావధాన్లు పెద్దబిడ్డను ముసలోనికి అమ్మితె ఆమె విధవ అయింది. అది చూసి గూడ చిన్నబిడ్డ సుబ్బిని ఇంకో ముసలోనికి, లుబ్ధావధాన్లకు, బేరం పెట్టిండు. నాటకానికి గుండె అక్కడ ఉన్నది. గిరీశం మాటలకు నవ్వుకుంట నవ్వుకుంట, నవ్వు ఆగినప్పుడు ఆ ఇద్దరు పిల్లలు కనవడాలె. కనవడకుంటె మనం ఆడింది కన్యాశుల్కం కాదు.

భాష సంగతికి వస్త. గురజాడ దర్వాజ పూర్తిగ తెరిచిండు. ఆ స్టేజీ మీద గ్రాంథికం మాట్లాడే రాజు లేడు. వేదం చదివిన అవధాన్లు ఇంట్ల మాట్లాడే మాటనె మాట్లాడుతడు, కోపం వస్తె తిడుతడు. వకీలు మాట్లాడుతడు, దొంగ సాక్షి మాట్లాడుతడు, పాలేరు అసిరిగాడు మాట్లాడుతడు, మధురవాణి మాట్లాడుతది. అందరు ఒక్క తీరుగ మాట్లాడుతరని కాదు. ఎవరి పలుకు వాళ్లదే. కని ఆ తేడా మనిషి బతుకును బట్టి, బుద్ధిని బట్టి వస్తది. ఎవల మాట గొప్పది, ఎవల మాట తక్కువది అని వ్యాకరణం తీర్పు చెప్పదు. ఆ మొత్తంల అందరికన్న తెలివిగ, అందరికన్న నిజాయితీగ మాట్లాడేది ఒక వేశ్య. చదువుకున్నోడు, ఇంగ్లీషు దంచేటోడు, పచ్చి మోసగాడు. పాత్రోచిత భాష లెక్కను తలకిందులు చేసిండన్నట్టు.

ఇప్పుడు నా తప్పు చెప్త అన్న గద.

2011ల సకల జనుల సమ్మె నడుస్తున్నది. సెప్టెంబరు 13 నాడు మొదలై 42 రోజులు. ఇక్కడ ఉన్న ఉద్యోగులకు నేను చెప్పవలసిన పని లేదు, జీతాలు లేక బతుకమ్మ, దసరా ఎట్ల ఎల్లదీసిన్రో మీకే ఎరుక. రోజు సాయంత్రం చౌరస్తల దీక్షా శిబిరం కాడ మేము నలుగురం కలిసి ఒక వీధి నాటకం ఆడేటోళ్లం. నాకు దోపిడీదారు వేషం. తెల్లంగి, మెడల గొలుసు, చేతుల బ్రీఫ్‌కేసు. నేను వాళ్ల యాసల మాట్లాడేటోణ్ణి. "ఏటండీ, ఏటి సేస్తారండీ" అనంగనె జనం పడి పడి నవ్వేది. నిజం చెప్తున్న, ఆ నవ్వు నాకు మస్తు తియ్యగ అనిపించింది. మా కాలేజీ హాలుకు బదులు తీర్చుకున్నట్టు అనిపించింది.

ఆ చౌరస్త మూలకు ఒక టిఫిన్ బండి ఉండె. శ్రీకాకుళం దిక్కుకెల్లి వచ్చిన ఒక పెద్దమ్మ, ఆమె పెనిమిటి నడిపేటోళ్లు. సమ్మె రోజులల్ల మాకు అప్పుగ ఇడ్లీ పెట్టింది ఆమె. ఒక నాడు నాటకం అయినంక చాయ్ తాగుదామని పోయిన. ఆమె గిలాస చేతికిచ్చి, మెల్లగ అడిగింది: "బాబూ, మా మాట అంత నవ్వొచ్చేటట్టుగుంటాదేటి?"

కోపం లేదు ఆమెకు. నిజంగనె తెలుసుకోవాలని అడిగింది. మాది, ఆమెది ఏ జాగ తగాద లేదు. ఆమె నా నీళ్లు దోచుకోలె, నా నౌకరి తీసుకోలె. మా ఊరోళ్లు బొంబాయికి, దుబాయికి పోయినట్టె ఆమె పొట్ట చేతవట్టుకొని ఇక్కడికి వచ్చింది. నేను స్టేజీ మీద తిట్టింది ఒక దోపిడీని అనుకున్న. జనం నవ్వింది మాత్రం ఆమె నోటి మీద. అచ్చం నా నోటి మీద హాలు నవ్వినట్టె. మా నాయిన ముంగట నిలబడ్డట్టు అయింది నాకు. ఆ చాయ్ ఎట్ల తాగిననో తెల్వదు. తెల్లారినంక ఆ వేషం మార్చుకున్న. తెల్లంగి, బ్రీఫ్‌కేసు అట్లనె ఉన్నయి గని, నా యాసలనె మాట్లాడిన. ఏమైంది? జనం మొదలు నవ్వలె. తరువాత చప్పుడు చేయకుంట విన్నరు. కాంట్రాక్టు కాగితాల మీద దస్కతులు పెట్టుకుంట మన దిక్కు నేతలే అక్కడ నిలబడ్డట్టు కనవడ్డది. నాటకం బలం తగ్గలె, పెరిగింది. ఎందుకంటె ఇప్పుడు నిందకు అడ్డం పెట్టుకునెతందుకు యాస లేదు, చేసిన పనే ఉన్నది.

అప్పటికెల్లి నేను ఒక పరీక్ష పెట్టుకున్న. అది మీకు ఇయ్యాలె అనే ఇక్కడికి వచ్చిన. నాటకంల ఏదన్న మాటకు జనం నవ్వుతున్నరనుకోండ్రి. ఆ మాటను ఇంకో యాసల చెప్పి చూడుండ్రి. అప్పుడు గూడ నవ్వు వస్తె, అది పాత్ర మీద నవ్వు, వాని దొంగ బుద్ధి మీద నవ్వు. ఉంచుకోండ్రి. యాస మార్చంగనె నవ్వు పోతె, అది ఒక తల్లి నోటి మీద నవ్వు. తీసెయ్యుండ్రి. గిరీశాన్ని ఏ యాసలకు మార్చినా నవ్వొస్తది. ఎందుకంటె గురజాడ వాని మోసాన్ని రాసిండు. మా కాలేజీ వాచ్‌మన్‌ను పుస్తకం భాషలకు మారిస్తె నవ్వు ఎగిరిపోతది. ఎందుకంటె అండ్ల మనిషి లేడు, యాస ఒక్కటె ఉన్నది.

తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్త. ఈ పాత నాటకాలు మనకెందుకు? మన మీద నవ్విన పద్ధతి ఎట్ల తయారైందో ప్రతాపరుద్రీయంల కనవడుతది. ఆ పద్ధతిని ఎట్ల ఇరగ్గొట్టాల్నో కన్యాశుల్కంల కనవడుతది. ఇంకో మాట. గురజాడ రాసిన విజయనగరం పలుకు ఆ టిఫిన్ బండి పెద్దమ్మ పలుకుకు పక్కింటిది. కృష్ణా, గుంటూరు పత్రికల భాష ముంగట ఆ ఉత్తరాంధ్ర పలుకు గూడ మన తీరుగనె చిన్నబోయింది. మనది, వాళ్లది ఒక్క తీరు బాధ. ఆ నాటకాన్ని పరాయిదని ఇడిచిపెడితె మనకు నష్టమే.

ఇగ ఎట్ల ఆడాలె? రెండు మూడు సంగతులు చెప్త, మిగిలింది మీ గురువులు చెప్తరు.

మొదలు, నాటకం మొత్తం చదువుండ్రి. ఏడంకాలు పూర్తిగ ఆడితె తెల్లవారుతది, కోసుకోక తప్పదు. కని కోసేటప్పుడు నవ్వొచ్చేయి ఉంచి, మిగిలినయి తీసేసుడు కాదు. బుచ్చమ్మ ఉన్న సీన్లు, మీనాక్షి ఉన్న సీన్లు ముంగట పక్కకు పెట్టుకోండ్రి. అవి నిలవడేటందుకు ఎంత కథ కావాల్నో అంత గిరీశాన్ని తెచ్చుకోండ్రి.

రెండోది, కన్యాశుల్కాన్ని మన యాసలకు మార్చి ఆడుదామని కొందరు అంటున్నరు. నేను వద్దంటున్న. అగ్రహారం ఆడనె ఉండనియ్యుండ్రి. ఆ పలుకు ఆ గాలిల పుట్టింది. మీరు విజయనగరం పలుకును ఎక్కిరించకుంట, గౌరవంగ నేర్చుకోండ్రి. ఒక తెలంగాణ పిల్ల మధురవాణిని ఆ పలుకుల తప్పు లేకుంట పలికితె, మన భాషకు గౌరవం అడిగే హక్కు మనకు ఇంకింత గట్టి అయితది.

ప్రతాపరుద్రీయం సంగతి వేరు. అది ఓరుగల్లు కథ. అండ్ల పేరిగాని మాటను వరంగల్ దిక్కు పలుకుల పలికి చూడుండ్రి. కని జోకరు లెక్క ఉరకకుండ్రి. మెడ వంచకుండ్రి, కండ్లు తిప్పకుండ్రి. నిలవడి, రాజు కండ్లల్లకు చూసి మాట్లాడుండ్రి. ఒక్క అక్షరం మార్చకున్నా ఆ నాటకం మారిపోతది. నటునికి ఉన్న బలం అది. ఓరుగల్లుకు ఎంతో దూరం లేని పాలకుర్తిల, విసునూరు దొర ముంగట నిలబడి నా భూమి నా పంట అని కొట్లాడిన చాకలి ఐలమ్మ కూడ ఆ కులం బిడ్డనె. ఆమె పేరు 2024ల మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నం. బోర్డు మీద పేరు పెట్టుకున్నోళ్లం, స్టేజీ మీద పేరిగాన్ని గంతులేపియ్యొద్దు.

మూడోది, రాసుడు గురించి. మనకు రంగస్థలం కొత్త కాదు. నిజామాబాద్ జిల్లాల చిందుల ఎల్లమ్మ మొగ వేషాలు కట్టి ఊరూర గజ్జె కొట్టింది. 2005ల ఆమె పోయింది గని ఆ చిందు ఉన్నది, ఒగ్గుకథ ఉన్నది. నిజాం కాలంల గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఉత్తర్వు ఉండె, అనుమతి లేకుంట సభ పెట్టరాదు. అయినా మన కథ స్టేజీ ఎక్కింది. విసునూరు దొర మీద కోర్టులల్ల కొట్లాడి గెలిచిన కామారెడ్డిగూడెం బందగీని 1940ల చంపించిన్రు. ఆ బందగీ కథనె మా భూమి నాటకమయింది. 1947ల సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన్రు, ప్రజానాట్యమండలి దళాలు ఆడినయి, మద్రాసు సర్కారు నిషేధించింది. తరువాత గౌతం ఘోష్ అదే పేరుతోని తీసిన సినిమా కథ వేరు, కలిపి మాట్లాడొద్దు.

ఆ రాసినోళ్లు ఇద్దరు కృష్ణా జిల్లా దిక్కోళ్లు. మన రైతు కథను వాళ్లు నెత్తికెత్తుకున్నందుకు దండం పెడుదాం. మన కథను మనం ఎందుకు రాయలె అని గూడ మనల్ని మనం అడుగుదాం. మనకు పాట ఎక్కువ వచ్చింది. ధూంధాంల వేల మందిని లేపినం. పాట లేపుతది. నాటకం కూసుండవెట్టి అడుగుతది. రాష్ట్రం రాకముందు లేపవలసిన పని ఉండె. వచ్చినంక అడగవలసిన పని ఉన్నది.

ఉద్యోగులకు నా మనవి ఒకటి. కన్యాశుల్కం ఒక పట్టికలకెల్లి పుట్టిందని చెప్పిన. 1034 పెండ్లిళ్ల లెక్క ఎవరో ఒక ఉద్యోగి కూసుండి రాసి ఉంటడు. ఆయన పేరు మనకు తెల్వదు. ఆయన రాయకుంటె గురజాడ చేతికి ఏమందేది? ఇయ్యాల మీ బల్ల మీద ఎన్ని పట్టికలున్నయి! దుబాయికెల్లి పెట్టెల వచ్చిన పీనుగల కాగితాలు, పహాణిల పేరు తారుమారైన రైతు దరఖాస్తు, ఏండ్ల సంది పర్మనెంటు కాని కాంట్రాక్టు టీచరు ఫైలు, కట్నం కేసు. ఆ ఫైలు మీకు ఒక నంబరు. దాన్ని నాటకం రాసే పిల్లల ముంగట మనిషిగ చెప్పుండ్రి. పేర్లు వద్దు, ఊర్లు వద్దు. ఏం జరిగిందో చెప్తె చాలు.

విద్యార్థులకు ఇంకొక్కటి. మన భాషల రాసేటప్పుడు మన భాషను గూడ ఒక కొత్త గ్రాంథికం చెయ్యకుండ్రి. పాలమూరు పలుకు వేరు, ఆదిలాబాద్ పలుకు వేరు, నల్లగొండది వేరు, పాతబస్తీది వేరు. సినిమాకు నచ్చిన తెలంగాణ యాస ఒక్కటే అసలైనదని మిగిలినోళ్లను నవ్వులపాలు చేస్తె, రేపు ఆదిలాబాద్ పిల్లగాడు మన హాలుల ఉత్తమ హాస్యనటుని కప్పు పట్టుకొని నిలవడుతడు. మన కలెక్టరు పాత్ర మన భాషల మాట్లాడాలె, జడ్జి మాట్లాడాలె, డాక్టరమ్మ మాట్లాడాలె. మన దొర, మన లంచగొండి కూడ మన భాషలనె మాట్లాడాలె. అప్పుడె మన భాష నిండు మనుషుల భాష అయితది. మంచోళ్లకు మన యాస, చెడ్డోళ్లకు పరాయి యాస అని రాస్తె, అది మళ్ల పాత్రోచితమే, దిక్కు మారింది అంతే.

ఆ టిఫిన్ బండి ఇప్పుడు ఆ చౌరస్తల లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేసిన్రు, వాళ్లు ఎక్కడికి పోయిన్రో ఎవరు చెప్పలె. అప్పు ఇడ్లీల పైసలు సమ్మె అయినంక ఇచ్చేసిన. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇంకా బాకీ ఉన్నది. ఇయ్యాల పొద్దున మీ రిహార్సల్ చూసిన. ఒక చెల్లె బుచ్చమ్మ మాటలు ఆ పలుకుల చెప్తున్నది. తలుపు కాడ నిలవడ్డోళ్లల్ల ఒక్కరు నవ్వలె. అందరు విన్నరు. ఆ పెద్దమ్మ ఉంటె బాగుండు అనిపించింది.

మా నాయినకు గూడ చెప్పవలసిన జవాబు ఒకటి ఉన్నది. ఏం వేషం ఏసినవు బిడ్డా అన్నడు గద. మీల ఎవరన్న వాచ్‌మన్ కథ రాయుండ్రి. రాత్రంత మేలుకొని ఒకరి ఇల్లు కాసేటోని కథ. అండ్ల నేను మళ్ల వేషమేస్త. ఈసారి మా నాయినను ముందు వరుసల కూసుండవెడుత.

 జై తెలంగాణ.